తిరుమలవారి పిల్ల

బ్యాగు నీలిమది, సర్దడం జయమణిది. ఎవరు ప్రయాణం కట్టినా ఆ ఇంట్లో బ్యాగు సర్దే పని ఆవిడ ఇంకొకరికి వదలదు. మంచం మీద పాత దుప్పటి పరిచి నీలిమ బట్టలు, తువ్వాలు, జ్వరం మాత్రలు, కలకత్తా చలికని స్వెట్టరు వరసగా పెట్టింది. వాటి పక్కన నాలుగు చెక్కపెట్టెలు. ఒక్కొక్కటి పీటంత ఉంటుంది. పైన గాజు మూత, అడుగున బెండు, బెండులోకి సూదులతో గుచ్చిన సీతాకోకచిలకలు. ఒక్కో పెట్టెకీ భర్త పాత లుంగీ చుట్టి, ఖాళీల్లో బనీన్లు కూరి, చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపి, లోపల ఏదీ కదలడం లేదని నమ్మకం కుదిరాక గానీ కింద పెట్టడం లేదు.

"అంతలా బిగించేత్తన్నావ్, ఊపిరాడక సచ్చిపోతాయి మామ్మా," అంది నీలిమ.

"అవి సచ్చి ముప్పయ్యేళ్లయింది గానీ, ఆ టేపు ఇటియ్యి."

వరండాలోంచి జ్ఞానదాసు మాస్టారి నవ్వు వినిపించింది. ఆయన పడక్కుర్చీలో ఉన్నారు. జువాలజీ లెక్చరరుగా రిటైరై చాలా ఏళ్లయింది. ఒక కంటికి శుక్లం తీయించారు, రెండో కంటికి తీయించడానికి ఒప్పుకోవడం లేదు. దువ్వాడ స్టేషనులో ఆగే రైళ్లన్నీ ఆ ఇంటికి వినిపిస్తాయి. ఏ కూతకి ఏ రైలో ఆయన కళ్లు మూసుకుని చెబుతారు.

జయమణి అటూ ఇటూ చూసి, మడతపెట్టిన బట్టల్లోంచి గోధుమరంగు చున్నీ బయటికి లాగింది. తన బీరువాలో చీరల అడుగున పెట్టి తలుపు వేసింది.

"సూసేసేను," అంది నీలిమ. "అది నాకిష్టమైన సున్నీ మామ్మా."

"ఇష్టమైందే ఉంచాల. అన్నీ పట్టుకుపోయినోళ్లకి మళ్లీ వచ్చీ పనేటుంటాది?"

నీలిమ తలుపు వైపు చూసింది. తలుపు వెనక మేకుకి ఒక నల్ల గొడుగు వేలాడుతుంటుంది. పరిశోధన పని మీద ఈ ఇంటికి రావడం మొదలుపెట్టిన కొత్తలో, ఒక వానరోజు, నీలిమ దానికోసం చెయ్యి చాపింది. జయమణి ముఖం చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ గొడుగు రోజలిన్‌ది. వారానికోసారి దాన్ని దులుపుతారు. ఎవరూ తియ్యరు.

"నీలిమా, మూడో పెట్టె పైకి ఉండాలి. బరువు పెట్టకండి దాని మీద," అన్నారు మాస్టారు. "అందులో మా అమ్మాయి ఉంది."

మూడో పెట్టెలోవన్నీ నల్లవి. ఈ జాతి సీతాకోకచిలకకి నల్లటి రెక్కల మీద లేత నీలం చారలు, చుక్కలు ఉంటాయి. ఈ పెట్టెలోవాటికి ఆ చారలు సన్నబడి, దీపం మసి పట్టినట్టున్నాయి. మాస్టారు యారాడ కొండ మీంచి గొంగళ్లు తెచ్చి, ఇంట్లో పెంచి, ఇది వేరే ఉపజాతి అని గుర్తించి, ఇంగ్లీషు పత్రికలో అచ్చువేయించి పేరు పెట్టారు. తిరుమల లిమ్నియేస్ రోజలినే. మొదటిది ఇంటిపేరు, రెండోది పేరు, మూడోది కూతురి పేరు.

"లోకంలో ఇంటిపేరు ముందు రాసుకునేది ఇద్దరే," అని ఆయన క్లాసులో ఏటేటా చెప్పేవారు. "తెలుగువాళ్లూ, సీతాకోకచిలకలూ." లిమ్నియేసు మొదట ఇంకో ఇంటిపేరుతో ఉండేదనీ, తరవాత ఎవరో దొర దాన్ని ఆ ఇంట్లోంచి తీసి తిరుమల అనే కొత్త ఇంటికి ఇచ్చాడనీ, పేరు అదే ఉండి ఇంటిపేరు మారిందనీ, పెళ్లి మాటల్లో చెబితే వెనక బెంచీ వాళ్లకి కూడా అర్థమయ్యేది. అచ్చయిన కాగితం పట్టుకుని చర్చికి వెళ్తే పాస్టరుగారు కళ్లజోడు సవరించుకుని, "మన బాప్తిస్మం పిల్లకి తిరుమల ఇంటిపేరేటండీ మాస్టారూ," అన్నారట. ఆ మాట మాస్టారు ఇప్పటికీ తలుచుకుని నవ్వుతారు.

"ఈసారి కలకత్తా మ్యూజియంవాళ్లు వాళ్ల దగ్గరున్నవాటితో పక్కపక్కన పెట్టి చూస్తారు కదా," అన్నారు మాస్టారు. "ఏమో, ఉపజాతి కాదు, జాతే అంటారేమో. అప్పుడు నడిమి పేరు పోయి, తిరుమల రోజలినే అని రెండే మిగుల్తాయి. ఏమంటావు?"

నీలిమ టేపు చివర గోటితో వెతుకుతోంది. ఎప్పుడూ "అవును మాస్టారూ" అని వెంటనే అనే పిల్ల, టేపు దొరికినా తల ఎత్తలేదు.

జయమణి అది చూసింది.

వంటింట్లో ఎండు నెత్తళ్లు వేగుతున్నాయి. జయమణి వంకాయలు తరుగుతోంది. నీలిమ గుమ్మానికి చేరబడి చాలాసేపు నిలబడింది. ఆ అమ్మాయిది పరవాడ దగ్గర పల్లె. నాన్న నీలకంఠం పొలం పోయాక కంపెనీలో కాపలా ఉద్యోగం చేస్తున్నాడు. ఇంట్లో డిగ్రీ దాటింది ఆమె ఒక్కతే. సీతాకోకచిలకల మీద పరిశోధన అని చెబితే ఊళ్లో వాళ్లు "అవి పట్టుకుంటే జీతమిత్తారా?" అని అడిగారు. వేళ్లకి పాలతీగ మరకలు. ఆ తీగ ఆకు తుంచితే పాలు కారతాయి. ఆరాక నల్లబడి, ఎంత తోమినా పోవు.

"ఏటే, అలగ నిలబడిపోనావు? కంచం తీసుకో. బేగి తినీ."

"మామ్మా, నానొకటి సెప్తాను. అరవకు."

"నాను అరిసేదెప్పుడు?"

నీలిమ ఫోను తీసి, తడిచేతుల్తో ముట్టుకోకుండా చూడమని ఆవిడ ముఖం ముందు పట్టింది. "ఇది తల్లి. యారాడ కొండకి అవతలి పక్క దొరికింది. నల్లది, మాస్టారి దాని లాటిదే. తెచ్చి తీగ మీద వదిల్తే గుడ్లు పెట్టింది. ఇవి దాని పిల్లలు."

బొమ్మలో రెండున్నాయి. ఒకటి నల్లగా మసిబారినట్టుంది. రెండోది కొండ దారిలో ఎప్పుడూ కనబడేదే. నీలం చారలు వెడల్పుగా, శుభ్రంగా ఉన్నాయి.

"రెండూ దాని పిల్లలేనా?"

"రెండూనూ. గూడు కట్టుకున్నాక సల్లటి సోట పెట్టినవి నల్లగా వచ్చేయి. ఎండ తగిలిన సోట పెట్టినవి మామూలుగా వచ్చేయి. మళ్లీ మళ్లీ సేసి సూసేను. అంతే వచ్చింది." ఆమె ఫోను దించింది. "వేరే రకం కాదు మామ్మా. చలికి నల్లబడింది, అంతే. మాస్టారు పెట్టిన పేరు నిలబడదు."

నెత్తళ్లు మాడుతున్న వాసన వచ్చింది. జయమణి పొయ్యి ఆపింది. మూకుడు దించి, మళ్లీ పొయ్యి మీదే పెట్టింది.

"తీసెత్తారా? పేరు?"

"నాను రాసిన కాగితం అచ్చయితే, ఇంక అది చెల్లదు."

వరండాలో మాస్టారు ఏదో కీర్తన కూనిరాగం తీస్తున్నారు. జయమణి గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. "ఆయనకి సెప్పకు. ఆ పిల్లది ఆయనకి మిగిలింది అదొక్కటే. రోజూ పొద్దున్న ఆ పుస్తకం తీసి ఆ పేజీ తడుముకుంటారు. కనబడదు కూడాను."

"అదే నానూ అనుకున్నాను. ఆ కాగితం ఎనక్కి తీసేసుకుంటాను. మాస్టారున్నన్నాళ్లు ఆగితే ఏటవుతాది? ఇంకేదో రాసుకుంటాను." నీలిమ చిటికెన వేలి మరకని బొటనవేలితో రుద్దుకుంటోంది. "కానీ ఇంకో మాటుంది. అచ్చుకి పంపిన నా కాగితం సదివిన కలకత్తా పెద్దాయనొకాయన ఏటి రాసేడంటే, ఎండా నీడా రెండూ తగిలీ ఒకే బుట్టలో పెంచినప్పుడు మామూలివి కూడా వచ్చుండాల గదా, మీ మాస్టారు ఒక్కటీ రాలేదని ఎలా రాసేడు? తనకి పనికిరానివి పారేసి ఉంటాడు, అని."

"ఎవుడా మనిషి?" జయమణి గొంతు పెరిగింది. నీలిమ ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "ఈయన రైలు టిక్కెట్టు లేకపోతే ప్లాట్‌ఫారం మీదికి అడుగెయ్యడు. ఈయన అబద్ధం రాత్తాడా?"

"నాకు తెల్దా మామ్మా? మరి ఆ లేత చారల తెల్లవి ఏటైపోయాయో నాకూ తెలవట్లేదు. నాను కాగితం ఎనక్కి తీసేసుకున్నా, ఆ పెద్దాయన అన్న మాట నలుగురిలోకీ ఎళ్తాది."

వంకాయ ముక్కలు నీళ్లలో తేలుతున్నాయి. జయమణి వాటిని చేత్తో ముంచుతోంది. చెయ్యి తియ్యగానే మళ్లీ తేలుతున్నాయి.

"ఎనక్కి తీసేసుకో," అంది చివరికి. "ఆయనకి తెలవకపోతే సాలు."

మర్నాడు పక్కింటి నూకాలు ములక్కాడలు పట్టుకొచ్చింది. ఆమె కూరగాయల తట్ట వీధి మొదట్లో దింపి, మిగిలినవి ఇలా పంచిపెడుతుంది. మాస్టారికి మాట్లాడడానికి మనిషి దొరికితే వదలరు.

"సోమారం మా నీలిమ కలకత్తా ఎల్తంది నూకాలూ. మా అమ్మాయి పేరు ఈసారి పెద్ద పుస్తకంలోకి ఎక్కొచ్చు."

"మీ పిల్ల అదృష్టమంతురాలు బాబూ," అంది నూకాలు. "మా గుంటలికి రేషను కార్డులోనే పేర్లు సరిగ్గా నేవు."

మాస్టారు ఉత్సాహంగా పెట్టె తెరిపించబోయారు. అన్నీ కట్టేశామని జయమణి కసిరింది. నూకాలు వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "మీ మొకం అలగుందేటమ్మా? పిల్ల ఊరెల్తందనా?" అంది. జయమణి ములక్కాడలు గట్టిగా పట్టుకుని తల ఊపింది.

మధ్యాహ్నం ఆవిడ పాత పేపర్లు ముందేసుకుని కూచుంది. దీర్ఘచతురస్రంగా కోసి, ఐమూలగా మడిచి, మిగిలిన అంచులు లోపలికి తిప్పితే త్రికోణం పొట్లం అవుతుంది. కొండ మీద పట్టిన సీతాకోకచిలకని రెక్కలు మూసి అందులో పెడతారు. పెళ్లయిన కొత్తలో మాస్టారు ఆవిడకి మొదట నేర్పిన పని అది. అప్పటికి ఆవిడకి చదువు రాదు. పొట్లాల మీద పెద్ద అక్షరాలు పోల్చుకోవడం, తరవాత చిన్నవి కూడబలుక్కోవడం, ఎక్కడో బస్సు బోల్తాపడిన వార్త మడతలో సగానికి తెగితే ఎవరు బతికారో తెలుసుకోవడానికి మిగతా ముక్క ఏ పొట్లంలో ఉందో వెతకడం. అలా వెతికి వెతికి చదవడం వచ్చేసింది. ఇప్పుడు ఇంట్లో ఆవిడ చదవని తెలుగు పుస్తకం లేదు. అయినా పొట్లం చేతిలోకి వస్తే ముందు వార్త చదువుతుంది, తరవాతే మడత పెడుతుంది.

నీలిమ యూనివర్సిటీకి వెళ్లింది. మాస్టారు కునుకు తీస్తున్నారు. ఒళ్లో ఆ పాత పుస్తకం, పేజీ మధ్యలో వేలు.

జయమణి ఆయన వేలునే చూస్తూ కూచుంది. ఆ పేరు ఆయన ఎందుకు పెట్టారో ఆవిడకి తెలుసు. పిల్లకి తొమ్మిదేళ్లప్పుడు క్రిస్మస్‌కి చర్చిలో నాటకం. రోజలిన్‌కి పాటలన్నీ నోటికి వచ్చు. దేవదూతలకి తెల్లటి పిల్లల్ని ఏరుకుని, రోజలిన్‌ని గొర్రెల కాపరుల వెనక నిలబెట్టారు. "లైట్లకి అది కనబడదు గదండీ," అంది నాటకం నేర్పించే ఆవిడ, నవ్వుతూనే. ఇంటికొచ్చాక పిల్ల ఏడవలేదు. సబ్బుతో మోచేతులు తోముకుంటూ కూచుంది. మాస్టారు తోమనివ్వలేదు. సబ్బు తీసి కిటికీలోంచి వీధిలోకి విసిరేశారు. ఆ జనవరిలోనే నల్ల సీతాకోకచిలకలు వచ్చాయి.

ఎవరు తీసేసినా ఆయనకి తెలియకూడదు, అనుకుంది. వెంటనే ఆ పెద్దాయనెవరో అన్న మాట గుర్తొచ్చింది. పనికిరానివి పారేసి ఉంటాడు. ఈయన పోయాక కూడా ఆ మాట ఉంటుంది. దానికి ఈయన జవాబు చెప్పుకోలేరు, అంటున్నారని కూడా తెలీదు కాబట్టి. అప్పుడు ఈయన పేరూ పోతుంది. ఆవిడ చేతిలో పొట్లం వంకరగా మడతపడింది. విప్పి మళ్లీ మడిచింది.

శనివారం పొద్దున్నే నీలిమ ఆటోలో వల బుట్ట పట్టుకొచ్చింది. డ్రైవరు గోపి దాన్ని రెండు చేతుల్తో పెళ్లి కేకులా మోసుకొచ్చి వరండాలో దింపాడు.

"లోపల బతికున్నాయి మామ్మా, దారంతా నా మీద అరుపులే, మెల్లగా మెల్లగా అని," అన్నాడు. "రొయ్యల ఐసు బండి ఇంతకన్నా బేగి నడిపీవోణ్ణి."

గోపి వెళ్లాక నీలిమ బుట్టని మాస్టారి గది కిటికీ దగ్గర బల్ల మీద పెట్టింది. తను ఊళ్లో లేనప్పుడు తేనెనీళ్లు పెట్టేవాళ్లు లేరు, వదిలెయ్యాలి. వదలడానికి ఈ కిటికీ మంచిది. మాస్టారు కిటికీ ఊచకి ఎప్పుడూ ఎండిన గిలిగిచ్చ కొమ్మ కట్టి ఉంచుతారు. ఆ వాసనకి మగవి వచ్చి వాలుతాయి. అప్పుడు కూడా ఒకటి వాలి ఉంది. మాస్టారు ఆ వేళప్పుడు స్నానానికి వెళ్లారు.

జయమణి రొట్టెపిండి కలుపుతూ గుమ్మంలోకి వచ్చింది. వల బుట్టకి పక్కన గుడ్డ గొట్టం ఉంటుంది, చొక్కా చెయ్యిలా. నీలిమ అందులోంచి చెయ్యి పోనిచ్చి, ముందుగా అందిన వాటిని ఒక్కొక్కటే మునివేళ్లతో రెక్కలు మూసి పట్టి బయటికి తీసి కిటికీలోంచి వదులుతోంది. ముందు అందుతున్నవి ఎండ తగిలే వైపువి. నీలం చారలవి. నల్లవి నీడ మూలకి చేరి కదలడం లేదు.

"ఎల్లండి, ఎల్లండి," అంటోంది నీలిమ. "మీరెల్తే మీ నల్లక్కలు వస్తారు."

జయమణి పిండిచేతులు గాలిలో అలాగే ఉండిపోయాయి.

ఇదే కిటికీ. ఆ రోజు కూడా ఆవిడ చేతులకి పిండే. ఆటలమ్మ పోసి రోజలిన్ బడి మానేసి ఇంట్లో ఉంది. మాస్టారు కాలేజీకి వెళ్లారు. పిల్ల కనబడకపోతే జయమణి వెతుక్కుంటూ ఈ గదిలోకి వచ్చింది. పిల్ల స్టూలు మీద నిలబడి, వెదురు బుట్ట మీది వల సగం తీసి, రెక్కలు ఆరిన ఒక సీతాకోకచిలకని అరచేతిలో పెట్టుకుని కిటికీలోంచి చెయ్యి బయటికి చాపింది.

"నీలీ," అంది జయమణి. "తెల్లవి ఏటైపోయాయన్నావ్?"

నీలిమ చెయ్యి బుట్టలోనే ఆగింది.

మాస్టారు తల తుడుచుకుంటూ వచ్చేసరికి ఇద్దరూ మంచం మీద పక్కపక్కన కూచుని ఉన్నారు. జయమణి చేతులకి పిండి ఎండిపోయింది.

"ఏవండీ, కూచోండి."

"ఏం, ఎవరు పోయారు?"

"ఎవులూ పోలేదు. కూచోండి."

ఆయన స్టూలు తడుముకుని కూచున్నారు. జయమణి నీలిమ వైపు చూసింది. నీలిమ చెప్పడం మొదలుపెట్టింది. గుడ్లు, గూళ్లు, చలి, ఎండ. వంటింట్లో చెప్పినంత తేలికగా రాలేదు. మధ్యలో రెండుసార్లు "క్షమించండి మాస్టారూ" అంది. మాస్టారు తువ్వాలు మోకాలి మీద పెట్టుకుని, దాని అంచు పోగులు లాగుతూ విన్నారు. పెద్దాయన రాసిన మాట దగ్గరికి వచ్చాక నీలిమ ఆగిపోయింది. ఆ మాట జయమణే చెప్పింది.

గూడ్సు బండి ఒకటి పోతోంది. ఆయన అది ఏ బండో చెప్పలేదు.

"నేను ఒక్కటి కూడా పారెయ్యలేదు నీలిమా," అన్నారు మెల్లగా. "సాయంత్రం వచ్చి చూసేవాణ్ణి. అన్నీ నల్లవే ఉండేవి. చూసిందే రాశాను."

"మీరు సూసేసరికి తెల్లవి నేవు," అంది జయమణి. "అవి పొద్దున్న వచ్చీవి. మీ కూతురు వదిలీసీది."

ఆయన ముఖం ఆవిడ వైపు తిప్పారు.

"ఆటలమ్మ పోసినప్పుడండీ. నాను వచ్చి సూసేసరికి వల తీసేసి, స్టూలెక్కి నిలబడింది. తెల్లదాన్ని అరసేతిలో పెట్టుకుని బయటికి ఊదింది. 'తెల్లవి ఎల్లిపోండి, నల్లవి మావి,' అంటంది. సలిగాలి, తలుపు మూసీ అని కసిరీసి నాను ఎల్లిపోనాను. ఆడుకుంటందనుకున్నాను. ఎన్నాళ్లు ఆడిందో నాకేటి తెలుసు? ఇప్పుడు ఈ పిల్ల సెయ్యి సూసేసరికి కళ్లకి కట్టింది."

మాస్టారి వేళ్లు తువ్వాలు మీద ఆగాయి.

"ఏ గౌను?" అన్నారు.

"ఆకుపచ్చది. మీ చెల్లెలు కుట్టింది. సేతులు పొట్టయిపోయాయి, ఐనా అదే కావాలనీది."

"స్టూలు ఏది?"

"మీరు కూచున్నదే."

ఆయన లేచి, వంగి, స్టూలు పైచెక్క చేత్తో తడిమి చూశారు. ఒక కాలు కొంచెం పొట్టి, అది ఎప్పుడూ ఊగుతుంది.

"పడిపోలేదు కదా?"

"నేదండీ," అంది జయమణి. "పడిపోలేదు."

ఆయన మళ్లీ కూచున్నారు. భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నారేమోనని నీలిమ లేవబోయింది. జయమణి ఆ అమ్మాయి చెయ్యి పట్టి ఆపింది. ఆయన నవ్వుతున్నారు. నవ్వుతూనే తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నారు.

"దొంగముండ," అన్నారు. "కాలేజీలో పిల్లలందరికీ చెప్పేవాణ్ణి, ముందే ఏరుకున్న వాటిని చూసి తీర్పు చెప్పకండిరా అని. నా ఇంట్లోనే ఏరి పెట్టింది నాకు."

"మాస్టారూ, నాను కాగితం ఎనక్కి తీసేసుకుంటాను," అంది నీలిమ.

"ఎందుకు? రాయి. రాసి పంపించు. పాత వ్యాసంలో పద్ధతి లోపం ఉందని రాయి. ఆయన కాలేజీకి పోయినప్పుడు బుట్ట తలుపు తీసింది ఆయన తొమ్మిదేళ్ల కూతురని రాయి. లోపం పేరు రోజలిన్ అని రాయి."

"అలా రాత్తే అచ్చెయ్యరు మాస్టారూ."

"అడుగున చిన్నక్షరాలతో వేస్తారు. అడుగు." ఆయన కాసేపు కిటికీ వైపు, కనబడే కన్నుతో, చూశారు. "అయితే అది మామూలు లిమ్నియేసేనన్నమాట."

"మరేటి," అంది జయమణి. "నా కడుపున పుట్టింది వేరే రకం ఎందుకవుతాది? మీరు ముద్దుకొద్దీ దానికి వేరే కుర్చీ వేసేరు. నాకది ఏనాడూ నచ్చలేదు. నాను సెప్పలేదంతే."

"నచ్చలేదా?"

"దాన్ని మా అందరిలో కలిపి కూచోబెట్టాల గానీ."

ఆయన చెయ్యి చాపి ఆవిడ మణికట్టు పట్టుకున్నారు. ఎండిన పిండి పొడి పొడిగా రాలింది.

"మరి ఆ పేరు సెరిపేత్తారా?" అని నీలిమని అడిగింది జయమణి.

జవాబు మాస్టారు చెప్పారు. "చెరపరు. ఒకసారి అచ్చయిన పేరు ఎవరూ చెరపలేరు. లిమ్నియేస్ అని రాసి, దాని కింద, దీన్నే ఫలానావాడు ఫలానా ఏడు రోజలినే అన్నాడు అని రాసి ఉంచుతారు. ఎవరు ఎప్పుడు రాసినా ఆ వరస మొత్తం రాయాలి. ఇంకోటి కూడా ఉంది. తిరుమలవారింట్లో ఇంకెవరికీ కొత్తగా ఆ పేరు పెట్టడానికి వీల్లేదు."

"రూలా?"

"రూలే."

జయమణి ఆలోచించింది. "అయితే ఇబ్బంది నేదు," అంది. లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్లింది.

బుట్టలో మిగిలిన నల్లవాటిని మాస్టారే వదిలారు. గుడ్డ గొట్టంలోకి చెయ్యి ఎలా పోనివ్వాలో నీలిమ చూపించబోతే, "నాకు నేర్పిస్తావేటే," అని కసిరారు. రెండుసార్లు తప్పిపోయాక ఒకటి వేళ్లకి చిక్కింది. కిటికీలోంచి బయటికి పెట్టి, వెంటనే వదల్లేదు. "నువ్వూ పో," అన్నారు. అది గిలిగిచ్చ కొమ్మ మీద వాలింది, నీలం చారలదాని పక్కన. రెండూ రెక్కలు మూసి తెరిచాయి.

సోమవారం పొద్దున్న గోపి ఆటో తెచ్చాడు. జయమణి పెట్టెల్ని మళ్లీ ఒకసారి విప్పి మళ్లీ కట్టింది. మూడో పెట్టె మిగతావాటి పైనే ఉంది. పులిహోర, వేయించిన నెత్తళ్లు, మూడు పూటలకి రొట్టెలు. రైల్లో నెత్తళ్ల డబ్బా తెరిస్తే బోగీ అంతా తనని దింపేస్తారని నీలిమ అంది. "తలుపు కాడ నిలబడి తినీ," అంది జయమణి, వెంటనే భయపడి, "వద్దు వద్దు, తలుపు కాడికి ఎల్లకు," అంది.

మాస్టారు కూడా స్టేషనుకి వస్తానని పట్టుబట్టారు. ప్లాట్‌ఫారం టిక్కెట్లు కొనకుండా లోపలికి అడుగు పెట్టలేదు. స్టీలు ప్లాంటు వైపు ఆకాశం పొగతో మసకగా ఉంది. హౌరా బండి రాకముందే ఆయన అదే అన్నారు. అదే వచ్చింది. నీలిమ బ్యాగు ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూచుంది. పై అరలో పెట్టనని ముందే ఒట్టు వేయించుకున్నారు.

"పెద్దాయన కనబడితే ఏం చెప్పాలి మాస్టారూ?"

"నమస్కారం చెప్పు. మా అమ్మాయి చేసిన పని చెప్పు. నవ్వితే మంచివాడు."

బండి కదిలింది. జయమణి కిటికీ ఊచ పట్టుకుని నాలుగడుగులు నడిచింది. మాస్టారు ఆవిడ కొంగు పట్టుకుని ఉండడంతో ఆగింది.

"సున్నీ బీరువాలో ఉంది," అని అరిచింది.

"తెలుసు," అని నీలిమ కూడా అరిచింది.

నీలిమ ఆ నెలలోనే, క్రిస్మస్‌కి ముందు, తిరిగి వచ్చింది. పెట్టెలు కలకత్తాలో ఉంచేసింది. పెద్దాయన నవ్వాడట. చెప్పులు విప్పకుండానే లోపలికి వచ్చి, బీరువా తెరిచి, చీరల అడుగున చెయ్యి పెట్టి చున్నీ తీసుకుంది. వ్యాసం తరవాతి ఏడు అచ్చయింది. మొదటి పేజీ అడుగున చిన్నక్షరాలతో ఒక వాక్యం ఉంది. జయమణి దాన్ని ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ మాస్టారికి చదివి వినిపించింది.

గొడుగు తలుపు వెనకే ఉంది. రోజలిన్ దాన్ని ఉంచేసి పాడేరు అవతల తాను చదువు చెప్పే బడికి బయల్దేరింది. దారిలో కొండల్లోంచి పారే గెడ్డ దాటుతుంటే ఒక్కసారిగా నీళ్లొచ్చాయి. రోజలిన్ తిరిగి రాలేదు. అది రెండువేల తొమ్మిదో సంవత్సరం, ఆగస్టు నెల, రెండో మంగళవారం.